ముందెళ్ళినవాళ్ళ పూచీ

కొత్తవలస జంక్షన్ దగ్గర రెండు రైలుదారులు కలుస్తాయి. ఒకటి 1890ల్లో పడిన తూర్పుతీర మార్గం. ఇప్పుడది హౌరా, చెన్నైలను కలిపే ప్రధాన మార్గంలో భాగం. రెండోది బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960ల్లో వేసిన కిరండూల్ మార్గం. సరుకుతో పాటు ఈ పట్టాల మీద నూరేళ్ళకు పైగా మనుషులూ ప్రయాణం చేస్తున్నారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పొట్ట చేతబట్టుకుని విశాఖకో, ఖర్గపూర్‌కో, మద్రాసుకో, హైదరాబాదుకో వెళ్ళినవాళ్ళు. ఏ ఊరు వెళ్ళాలో కరువో కొలువో తేల్చేస్తుంది. దిగాక ఏ చూరు కింద తల దాచుకోవాలన్నది మాత్రం బండెక్కక ముందే తేల్చుకోవాలి. బదిలీ కాగితమో ఉద్యోగపు ఉత్తర్వో చేతికి రాగానే దూరపు ఊళ్ళో అద్దె ఇల్లు వెతకడం సెల్‌ఫోన్ కాలంలో పుట్టిన అవసరమని చాలామంది అనుకుంటారు. ఉత్తరాంధ్ర వలస చరిత్ర చూస్తే అది నిజం కాదని తెలుస్తుంది. ఈ వెతుకులాట ఇక్కడ చాలా పాతది. ఇంకో సంగతి కూడా తెలుస్తుంది. వెళ్ళేవాడికి కావలసింది గది ఒక్కటే అయితే ఈ చరిత్ర ఇన్ని మలుపులు తిరిగేది కాదు. ఇంటివాడి ముందు నిలబడి ‘ఈ మనిషికి నాదీ పూచీ’ అనే ఇంకో మనిషి కావాలి. ఆ పూచీ ఒక్కో కాలంలో ఒక్కొక్కరి చేతికి వెళ్ళింది: చుట్టం, మేస్త్రీ, కంపెనీ, సర్కారు, బ్రోకరు. దాన్ని ఎవరు పట్టుకుంటే వాళ్ళే వలస వచ్చినవాడి బతుకును శాసించారు. ఈ వ్యాసంలో నేను నిలబెట్టదలచుకున్న వాదం ఇదే.

రైలు రాక మునుపు, వచ్చిన తొలి రోజుల్లోనూ పరాయి ఊళ్ళో కొత్తవాడికి ఇల్లు అద్దెకు దొరకడం అరుదు. ఇల్లు ఉండడానికే తప్ప బాడుగ తినడానికి కాదన్న ఊళ్ళే ఎక్కువ. కోర్టు పని మీదో చదువు కోసమో విజయనగరం వచ్చినవాడికి మూడు దారులుండేవి. మొదటిది సత్రం. అక్కడ రెండు మూడు రోజులకు మించి ఉండనివ్వరు. విశాఖలో కలెక్టరు టర్నర్ పేరు మీద వెలసిన టర్నర్ సత్రం అలాంటి బాటసారుల కోసమే. రెండోది పూటకూళ్ళ ఇల్లు. విజయనగరం గడ్డ మీదే పుట్టిన ‘కన్యాశుల్కం’ నాటకం 1892లో రంగం మీదికొచ్చింది. అందులో పూటకూళ్ళమ్మకు అంత పాత్ర దక్కడం ఊరికే జరగలేదు. అప్పటి పట్నంలో ఒంటరి మగవాడికి పూటకూళ్ళ ఇల్లు నిజంగానే ఒక ఆసరా, కూడుతో పాటు అక్కడ అప్పూ పుట్టేది. మూడోది వారాలు చేసుకోవడం. మహారాజావారి కళాశాలలో చదువుకోవడానికి పల్లెల నుంచి వచ్చిన పేద బ్రాహ్మణ పిల్లలు సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోంచేసి, ఎవరి అరుగు మీదో పడుకుని చదువు గట్టెక్కేవారు. ఈ మూడింటిలోనూ అద్దె చీటీ లేదు. ‘ఫలానావారి అబ్బాయి’ అన్న ఒక్క మాటే పూచీ. ఆ మాట చెప్పేవాళ్ళు లేనివాడికి, ఆ వీధిలో అడుగు పెట్టనివ్వని కులంలో పుట్టినవాడికి ఈ దారులు మూడూ మూతపడే ఉండేవి. తరవాతి కాలంలో ఏం మారింది, ఏం మారలేదు అని తూచడానికి ఈ సంగతిని గుర్తుంచుకోవాలి.

పెద్ద ఎత్తున జనం కదిలింది సముద్రం మీదుగా. పందొమ్మిదో శతాబ్దం చివరి నుంచి 1930ల దాకా గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల కూలీలు కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖ, కాకినాడ రేవుల్లో ఓడలెక్కి బర్మా వెళ్ళారు. మనవాళ్ళు రంగూన్‌ను ‘రంగం’ అనేవారు. రంగం వెళ్ళొచ్చినవాడు కట్టిన మేడను ఇప్పటికీ చూపించే పల్లెలు ఈ జిల్లాల్లో ఉన్నాయి. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్‌లో నాలుగు లక్షల మంది ఉంటే అందులో సగానికి పైగా భారతీయులే. రేవు కూలీల్లో తెలుగువాళ్ళదే పెద్ద వాటా. అంతమంది తెలియని ఊళ్ళో ఎక్కడ దిగారు? మేస్త్రీ చూపించిన చోట. ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి కూలీని కుదుర్చుకునేది అతనే. ఓడ టిక్కెట్టు కొనేది అతనే. రంగంలో బ్యారక్ గదిలో చాపెడు జాగా చూపించి, తిండి ఖర్చూ గది అద్దే కూలి డబ్బుల్లో మినహాయించుకునేదీ అతనే. ఆ కాలపు కూలీల పరిస్థితి మీద ఎ. నారాయణరావు 1930లోనూ 1933లోనూ పుస్తకాలు రాశాడు. ఇ.జె.ఎల్. ఆండ్రూ అనే ప్రభుత్వాధికారి 1933లో రంగూన్ భారతీయ శ్రామికుల మీద ఒక పుస్తకం వెలువరించాడు. మేస్త్రీ కట్టు ఎంత బిగువైనదో, ఆ లాడ్జింగ్ గదులు ఎంత కిక్కిరిసి ఉండేవో వాటిలో కనిపిస్తాయి.

మేస్త్రీ ఏర్పాటు కూలీకి మేలే చేసిందని వాదించేవాళ్ళు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. భాష రాదు, దారి తెలియదు, చేతిలో చిల్లిగవ్వ లేదు. అలాంటివాడికి దిగిన రాత్రే పడుకోవడానికి చోటు దొరికింది కదా అంటారు. ఈ మాటలో నిజం ఉంది. చోటు లేకపోతే వాళ్ళు అసలు ఓడే ఎక్కేవారు కాదు. కానీ పని ఇచ్చేవాడే గదినీ ఇస్తే, పని వదులుకోవడమంటే ఆ రాత్రికి వీధిన పడడమే. కూలి తక్కువైందని నోరెత్తడానికీ వీలుండదు. అయినా 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను తెచ్చారు. సమ్మె తీరాక ఆ బర్మా కూలీలను తిప్పి పంపేశారు. ఆ గొడవ మే 26న మారణకాండగా మారింది. వంద మందికి పైగా చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే. గుంపులుగా ఒకేచోట కిక్కిరిసిన బ్యారక్‌లు వాళ్ళకు కోటలు కాలేకపోయాయి. దాడికి వచ్చినవాళ్ళకు, ఎక్కడ దొరుకుతారో వెతికే పని లేకుండా చేశాయి. 1942లో జపాన్ దండయాత్రతో ఒకసారి, 1964 ప్రాంతంలో నే విన్ ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేసినప్పుడు మరోసారి బర్మా తెలుగువాళ్ళు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. విశాఖ కంచరపాలెం దగ్గరి బర్మా క్యాంపు ఆ రెండో రాకకు గుర్తు. నలభై యాభై ఏళ్ళు పరాయి దేశంలో కష్టపడినవాళ్ళకు సొంతగడ్డ మీద మొదట దొరికింది క్యాంపు.

రంగం దారి నడుస్తున్న కాలంలోనే రైలు దారీ వెడల్పయింది. 1901లో వాల్తేరుకు దక్షిణాన ఉన్న మార్గం మద్రాస్ రైల్వేకు, 1902లో ఉత్తరపు మార్గం బెంగాల్ నాగపూర్ రైల్వేకు వెళ్ళాయి. కొత్తవలస ఉన్నది ఆ ఉత్తరపు మార్గం మీదే. ఖర్గపూర్‌లో రైల్వే వర్క్‌షాపు లేచేసరికి ఈ మార్గం పక్క ఊళ్ళ నుంచి తెలుగువాళ్ళు వందల మైళ్ళ దూరం వెళ్ళి చేరారు. అక్కడి తెలుగు జనం ఇప్పటికీ తక్కువేమీ కాదు. ఇక్కడ పూచీ మేస్త్రీ చేతి నుంచి కంపెనీ చేతికి వచ్చింది. రైల్వే తన నౌకరుకు క్వార్టరు ఇచ్చింది. క్వార్టరుకు నంబరు ఉంది, తరగతి ఉంది, జీతంలో కోతకు లెక్క ఉంది. ఆ లెక్కను ఏ మేస్త్రీ తిరగరాయలేడు. మీ కులమేమిటని అడగని మొదటి ఇల్లు ఉత్తరాంధ్ర మనిషికి బహుశా రైల్వే క్వార్టరే. కులాన్ని బట్టి కాకపోయినా హోదాను బట్టి వీధులు విడిపోయిన మాట నిజమే. దొరల బంగళాలు ఒకవైపు, కళాసీల లైన్లు ఇంకోవైపు. అయినా పక్క లైనులో ఎవరుండాలో నిర్ణయించేది పక్కింటివాడు కాకపోవడం ఆ కాలానికి చాలా పెద్ద మార్పు. 

విశాఖ మాత్రం ఒక్కసారిగా పెరిగిన ఊరు. 1930లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడ నుంచి వాల్తేరుకు మారింది. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ రేవును ప్రారంభించాడు. 1941 జూన్‌లో సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశాడు. 1931లో 57 వేల జనం ఉన్న పట్నం 1951కల్లా లక్ష దాటింది. మధ్యలో 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు బాంబులు వేస్తే ఊరు ఖాళీ అయింది. విశ్వవిద్యాలయమే కొంతకాలం గుంటూరుకు తరలిపోయింది. విశాఖలో ఇల్లు వెతుక్కున్నవాళ్ళు ఉన్నపళాన లోతట్టు ఊళ్ళలో ఇళ్ళు వెతుక్కోవాల్సి వచ్చింది. యుద్ధం సద్దుమణిగాక జనం మళ్ళీ వచ్చారు, ఈసారి అంతకు ముందుకన్నా ఎక్కువమంది. ఇళ్ళు మాత్రం అవే. అద్దెలు ఎగబాకాయి. యుద్ధకాలంలోనే మద్రాసు ప్రభుత్వం అద్దెల మీద అదుపు పెట్టింది. 1946లో, 1949లో అది చట్టమైంది. రాష్ట్రం ఏర్పడ్డాక 1960లో ఆంధ్రప్రదేశ్ అద్దె నియంత్రణ చట్టంగా కొనసాగింది.

ఈ చట్టం అంటే అద్దె పెంచకూడదు, ఖాళీ చేయించకూడదు అన్నవే అందరికీ గుర్తు. నా వాదానికి ముఖ్యమైన అంశం ఇంకొకటి అందులో ఉండేది. ఇల్లు ఖాళీ అయితే యజమాని నిర్ణీత గడువులోగా ప్రభుత్వాధికారికి రాతపూర్వకంగా తెలియజేయాల్సి ఉండేది. ప్రభుత్వం కావాలనుకుంటే ఆ ఇంటిని తన ఉద్యోగికి కేటాయించగలిగేది. అంటే బదిలీ మీద వచ్చే గుమస్తాకు ఊళ్ళో చుట్టం లేకపోయినా సర్కారే ముందెళ్ళినవాడి పాత్ర పోషించడానికి సిద్ధపడింది. ఏ ఇల్లు ఎప్పుడు ఖాళీ అవుతుందో ఒక చోట నమోదయ్యే ఏర్పాటు ఈ గడ్డ మీద కాగితం మీదైనా ఉండేదన్నమాట. ఆ ఏర్పాటును పెంచి, సామాన్యుడికీ అందించి ఉంటే కథ వేరుగా ఉండేది. అలా జరగలేదు. న్యాయమైన అద్దె ఎంతో తేల్చడానికి 1960 చట్టం 1944 ఏప్రిల్ 5కు ముందు ఏడాదిలో ఆ పేటలో నడిచిన అద్దెలను ప్రాతిపదికగా పెట్టుకుంది. దానిమీద పెంపుదలకు దారులున్నా, పదిహేను ఇరవై ఏళ్ళ కిందటి ధర నుంచి లెక్క మొదలుపెడితే యజమాని ఒప్పుకుంటాడా? కొత్త ఇళ్ళు కట్టేవాళ్ళు వెనకాడతారని 1957 ఆగస్టు 26 తరవాత కట్టిన భవనాలకు మినహాయింపు ఇచ్చారు. అప్పటి నుంచి పాత ఇంటి అద్దెదారుకు రక్షణ ఉండేది, కొత్త ఇంటి అద్దెదారుకు ఉండేది కాదు. పాతికేళ్ళు గడిచినా ఆ గీత చెరగలేదు. మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో 1983లో సుప్రీంకోర్టు అది సమానత్వానికి విరుద్ధమని కొట్టేసింది. కాలపరిమితితో కొత్త మినహాయింపులు మళ్ళీ వచ్చాయి.

ఇక్కడ యజమాని తరఫు వాదన వినాలి. ఇల్లు అద్దెకిచ్చిన చాలామంది జమీందార్లేమీ కారు. పింఛను చాలని విశ్రాంత ఉపాధ్యాయుడు, భర్త పోయాక ముందు గది అద్దెతో పిల్లలను చదివించుకునే ఆడమనిషి, కొడుకు పెళ్ళికి మేడ మీద రెండు గదులు వేసిన గుమస్తా. దిగినవాడు లేవనంటే కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరగాలన్న భయం వాళ్ళకు నిజంగా ఉంది. ఇల్లు ఖాళీగా పెట్టుకోవడమే మేలనుకున్నవాళ్ళూ ఉన్నారు. దేశం మొత్తం మీద పట్టణాల్లో అద్దె ఇళ్ళలో ఉన్న కుటుంబాలు 1961లో నూటికి 54. 2011 నాటికి 28 లోపే. ఈ తగ్గుదలకు అద్దె చట్టాలనే కారణంగా చూపేవాళ్ళు చాలామంది. కొంతవరకు ఒప్పుకోవచ్చు. అయితే ఇదే కాలంలో ఇళ్ళకు ప్రభుత్వాలు పెట్టిన ఖర్చు ఎక్కువగా సొంతిల్లు అనే ఒక్క దారిలోనే పోయిందన్నది మరిచిపోకూడదు. 1978లో ఏర్పడిన విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ చేసిన పని ప్రధానంగా లేఅవుట్లు వేసి స్థలాలు అమ్మడం. 1979లో పుట్టిన గృహనిర్మాణ సంస్థ, 2006 నాటి ఇందిరమ్మ పథకం, నిన్నమొన్నటి టిడ్కో ఫ్లాట్లు అన్నీ పట్టా చేతికిచ్చే పథకాలే. ఊళ్ళో ఓటూ రేషన్ కార్డూ ఉన్నవాడికి అవి పనికొస్తాయి. నిన్న రైలు దిగినవాడికి వాటితో ఒరిగేదేమీ లేదు. యజమాని భయానికి మందు కూడా చట్టాన్ని ఎత్తేయడంలో లేదు, తగాదాలు ఏళ్ళలో కాక నెలల్లో తేలేలా చేయడంలో ఉంది. ఆ పని ఎవరూ చేయకపోబట్టే యజమాని తన పూచీ తానే వెతుక్కున్నాడు. చుట్టం మాట, కులం, ఇంటిపేరు, పదకొండు నెలల కాగితం. ఏడాదికి మించిన కౌలు రిజిస్టరు కావాలని 1908 రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. ఆ ఖర్చూ ఆ బాధ్యతా తప్పించుకోవడానికే పదకొండు నెలల లెక్క మన పట్టణాల్లో పాతుకుపోయింది.

కంపెనీ ఇల్లు ఇచ్చే పద్ధతి 1960ల నుంచి ఇంకా విస్తరించింది. జపాన్‌కు ఏటా లక్షల టన్నుల ఖనిజం పంపుతామని 1960లో ఒప్పందం కుదిరింది. దానితో కొత్తవలస నుంచి కిరండూల్‌కు 440 కిలోమీటర్లకు పైగా పట్టాలు పడ్డాయి. తూర్పు కనుమలను తొలిచి 58 సొరంగాలు, సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ స్టేషన్. ఊళ్ళే సరిగ్గా లేని ఆ అడవుల్లో పనిచేసేవాడికి ఇల్లు చూపించకుండా ఉద్యోగం ఇవ్వడం కుదరదు. అందుకే లైను పొడవునా రైల్వే క్వార్టర్లు, ఆ చివర కిరండూల్, బచేలీలో గనుల సంస్థ ఎన్‌ఎండీసీ టౌన్‌షిప్‌లు వెలిశాయి. విశాఖలో 1971 జనవరి 20న ఇందిరాగాంధీ ఉక్కు కర్మాగారానికి శంకుస్థాపన చేసింది. దాని పక్కనే ఉక్కునగరం లేచింది. ఉత్తర్వుతో పాటు క్వార్టరు దొరికే ఆ కుటుంబాలకు ఇల్లు వెతుక్కునే బెడదే లేదు. కానీ ఆ క్వార్టర్లు పర్మినెంటు ఉద్యోగులవి. గోడలు కట్టిన కాంట్రాక్టు కూలీ గోడల బయటే ఉండిపోయాడు. కర్మాగారం కోసం 64 గ్రామాల భూములు పోయాయి. ఆ కుటుంబాల చేతికి నిర్వాసితులకిచ్చే ఆర్ కార్డులు వచ్చాయి. వడ్లపూడి, పెదగంట్యాడ, అగనంపూడి పునరావాస కాలనీల్లో స్థలాలు వచ్చాయి. ఆ కాలనీల్లోనే గది మీద గది వేసి అద్దెకివ్వడం కొన్ని కుటుంబాలకు జీవనాధారమైంది. వాటిలో దిగినవాడు క్వార్టరు దొరకని కూలీ. ఊరు పోగొట్టుకున్నవాడూ ఊరు విడిచి వచ్చినవాడూ ఒకే గోడ పంచుకున్నారు. విశాఖ పారిశ్రామిక చరిత్రలో నాకు అన్నిటికన్నా బరువైన వాస్తవం ఇది.

క్వార్టరు రానివాళ్ళు అద్దెకు తీసుకున్నది ‘వాటా’. తరవాత ‘పోర్షన్’ అన్నారు. పెంకుటింటి నడవకు అటో గది ఇటో గది, వెనక వంటకు చిన్న సావిడి, పెరట్లో ఉమ్మడి నుయ్యి, ఉమ్మడి మరుగుదొడ్డి. ముందెళ్ళిన పినమామో, ఊరివాడో, అన్నగారి తోటి ఉద్యోగో ఇన్‌లాండ్ ఉత్తరం రాసేవాడు. అల్లిపురంలో ఒక వాటా చూశాను, నీళ్ళు పొద్దున ఐదింటికి వదులుతారు, కరెంటు మీటరు ఉమ్మడే, రెండు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు అని. అంతకన్నా పెద్ద పని అతను ఉత్తరం రాయక ముందే చేసి ఉండేవాడు. ఇంటావిడ ముందు కూర్చుని ఆమె ప్రశ్నలకు జవాబు చెప్పేవాడు. ఏ ఊరు, ఇంటిపేరేమిటి, ఎంతమంది, నీచు తింటారా, చుట్టాలు వస్తూ పోతూ ఉంటారా. దిగే రోజుకు లెక్క ఉంది. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో కొత్త ఇంట్లో చేరరు. బడులు తెరిచేది జూన్‌లో, ఆషాఢం వచ్చేదీ ఆ చుట్టుపక్కలే. కాబట్టి వైశాఖం, జ్యేష్ఠంలో పట్నంలో వాటాల కోసం పోటీ ఎక్కువ, అద్దె కూడా కాస్త ఎక్కువే. శూన్యమాసం ముంచుకొస్తే సామాను రాకపోయినా గడప దాటి పాలు పొంగించి వెళ్ళిపోయేవారు, మిగతాది తరవాత చూసుకోవచ్చని. అద్దె ఇంట్లోనూ పాలు పొంగించడం మనవాళ్ళు మానలేదు. నెలకు చీటీ రాసే కొంపైనా చేరిన రోజుకు అది తమ ఇల్లే.

ఈ చుట్టరికపు పూచీని మెచ్చుకునేవాళ్ళు చాలామంది. నేనూ దాని విలువ తక్కువ చేయను. రూపాయి ఖర్చు లేకుండా, రాతకోతలు లేకుండా వేలాది కుటుంబాలను పట్నంలో నిలబెట్టింది అదే. కానీ అది ఎవరిని నిలబెట్టిందో, ఎవరిని గడప బయటే ఆపిందో కూడా చూడాలి. ఇంటిపేరు అడగడం ఆరా కోసమే అనుకుంటే అది పొరపాటు. చాలాసార్లు ఆ ప్రశ్నకు జవాబే తుది తీర్పు. ఈ జిల్లాల నుంచి పారిశుధ్య పనికి విశాఖ, విజయవాడ, హైదరాబాదులకు వెళ్ళిన రెల్లి కులస్తులకు దొరికింది వేరే వీధి, వేరే పేట. పట్నాలను శుభ్రం చేసినవాళ్ళకు ఆ పట్నాల్లో వాటా ఇచ్చిన ఇళ్ళు ఎన్ని? ఇది పాతకాలపు మాట అనడానికీ వీల్లేదు. సుఖదేవ్ థోరాట్, ఆయన సహచరులు ఢిల్లీ పరిసరాల్లో చేసిన పరిశోధన 2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. ఒకే రకమైన ఉద్యోగం, ఒకే రకమైన జీతం చెప్పుకుని ఇల్లు అడిగినా దళితులకు, అంతకన్నా ఎక్కువగా ముస్లింలకు ఇంటి తలుపులు మూసుకున్నాయని అందులో తేలింది. మన ఊళ్ళలో ‘బ్యాచిలర్లకు ఇవ్వం’, ‘వెజిటేరియన్లకు మాత్రమే’ అన్న టు లెట్ బోర్డులు బాహాటంగానే వేలాడుతున్నాయి. ఒంటరిగా ఉద్యోగం చేసుకునే ఆడపిల్ల ఎదుర్కొనే ప్రశ్నలు మగవాడికి ఎప్పుడూ ఎదురుకావు. చుట్టం పూచీ మంచిదే, చుట్టం ఉన్నవాళ్ళకు.

ఇప్పుడు ఫోన్‌లో ఇళ్ళ ఫొటోలు, అద్దెలు, వీడియోలు అన్నీ దొరుకుతున్నాయి, కొత్తవలసలో కూర్చుని మాదాపూర్‌లో ఫ్లాటు చూడవచ్చు, ఇక ఈ పూచీ గొడవ ఎందుకని అడగవచ్చు. చూడడం సులువైన మాట నిజమే. నమ్మడం మాత్రం సులువు కాలేదు. లేని ఇంటి ఫొటో పెట్టి టోకెన్ అడ్వాన్సు యూపీఐలో లాగేసే మోసాలు, సైనికులమనో భద్రతా సిబ్బందిమనో చెప్పుకుని ఇంటి యజమానులనే ముంచే మోసాలు వార్తల్లో వస్తూనే ఉన్నాయి. బ్రోకరు కమిషను పుచ్చుకుని తలుపు చూపిస్తాడు, దిగాక తగాదా వస్తే ఫోన్ ఎత్తడు. అందుకే ఫొటో చూసినవాడు కూడా చివరికి ఆ ఊళ్ళో ఉన్న బావమరిదికో, క్లాస్‌మేట్‌కో ఫోన్ చేసి, ఒకసారి వెళ్ళి చూసి రారా అంటున్నాడు. ఉత్తరం పోయి వాట్సాప్ వచ్చింది. ముందెళ్ళినవాడి అవసరం అలాగే ఉంది. భవన నిర్మాణంలోకి వెళ్ళేవాళ్ళకు మేస్త్రీ కూడా ఇంకా ఉన్నాడు. 2014 జూన్ 28న చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్ళలో విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కూలీలు చాలామంది. అలాంటి పనుల్లో కుదిరేవాళ్ళకు పని స్థలం పక్కన వేసిన రేకుల షెడ్డే ఇల్లు. చిరునామా కూడా అదే. రంగం బ్యారక్‌కూ ఈ షెడ్డుకూ మధ్య ఎనభై ఏళ్ళకు పైగా గడిచాయి, కూడూ గూడూ ఒకే చేతిలో ఉండే ఏర్పాటు మాత్రం మారలేదు.

చట్టం కాగితం మీద ఇప్పుడు మెరుగైంది. ఆంధ్రప్రదేశ్ 1960 చట్టం స్థానంలో 2017లో కొత్త అద్దె చట్టం చేసింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా చట్టం ప్రకారం నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదు, ఒప్పందం రాతలో ఉండాలి, దాన్ని అద్దె అథారిటీకి తెలియజేయాలి. 2020లో వలస కార్మికుల కోసం అద్దె గృహ సముదాయాల పథకం కూడా ప్రకటించారు. లాక్‌డౌన్‌లో జనం నెత్తిన మూటలతో హైవేల వెంట నడిచి ఇంటికి రావడం చూశాక వచ్చిన పథకం అది. ఈ మాటలు వాటాల్లో దిగేవాళ్ళ చెవికి చేరాలి. కొత్తవలసకూ విశాఖకూ మధ్య పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరం. మండలమంతా ఇప్పుడు విశాఖ మహానగర అభివృద్ధి పరిధిలోనే ఉంది. నగరంలో అద్దె భరించలేనివాళ్ళు ఇటు వస్తున్నారు, ఇక్కడి పిల్లలు చదువయ్యాక బెంగళూరు, హైదరాబాదు వెళ్తున్నారు. ఇరువైపులా వెతుకులాటే. కాబట్టి ప్రజాప్రతినిధులను, అధికారులను అడగవలసినవి స్పష్టంగా అడుగుదాం. ఖాళీ ఇళ్ళ సమాచారం అధికారికి చేరాలన్న పాత చట్టపు ఏర్పాటును అందరికీ అందేలా తిరిగి తెచ్చి, మండల కేంద్రాల్లో అద్దె అథారిటీ కార్యాలయాలు తెరవాలి. కులమో మతమో చూసి ఇల్లు నిరాకరిస్తే ఫిర్యాదు తీసుకునే అధికారం దానికి ఉండాలి. పెందుర్తి, కొత్తవలస, గాజువాక చుట్టూ ఉద్యోగినులకు, ఒంటరి కార్మికులకు ప్రభుత్వమే నడిపే అద్దె వసతి గృహాలు కట్టాలి. పట్టాల పథకాలకు ఏటా బడ్జెట్‌లో పద్దు ఉంటోంది. వచ్చే బడ్జెట్‌లో అద్దె ఇళ్ళకూ ఒక పద్దు పెట్టమని విశాఖ, విజయనగరం జిల్లాల శాసనసభ్యులు సభలో లేచి అడగాలి.